లైసెన్సు ఉన్నా ప్రాణానికి భరోసా ఏది?

చట్టం కాగితం మీద ఇచ్చే హక్కు ఒకటి; ఆ హక్కు గల మనిషిని పోలీసు ఏ దృష్టితో చూస్తాడన్నది వేరొకటి. ఈ రెంటి మధ్యనున్న ఎడం ఎంత ప్రమాదకరమో అమెరికాలో చట్టప్రకారం తుపాకి కలిగి ఉన్న నల్లజాతి పౌరుల అనుభవం చెబుతోంది. హైదరాబాదు నుండి, తెలుగు జిల్లాల నుండి వెళ్ళి చికాగోలో, డాలస్‌లో స్థిరపడిన మన కుటుంబాలు అనేకం. విద్వేష దాడుల భయంతో ఇంట్లో ఆయుధం ఉంచుకుందామా అని ఆలోచించేవారు వారిలోనూ ఉంటారు. కనుక ఇది మనకు దూరపు వార్త కాదు.

2016 జూలై 6న మినసోటా రాష్ట్రంలోని ఫాల్కన్ హైట్స్‌లో ఫిలాండో కాస్టీల్ కారును పోలీసులు ఆపారు. ఆయన 32 ఏళ్ళ పాఠశాల భోజనశాల పర్యవేక్షకుడు. కారు వెనుక దీపం వెలగడం లేదన్నది పోలీసు చెప్పిన కారణం. కారులో ఆయన సహచరి, ఆమె నాలుగేళ్ళ కుమార్తె ఉన్నారు. తన వద్ద తుపాకి ఉన్నదని కాస్టీల్ తానే మర్యాదగా తెలియజేశారు. దానిని ధరించడానికి ఆయనకు అనుమతి ఉంది. కొద్ది క్షణాలలోనే అధికారి ఏడు గుళ్ళు పేల్చాడు. తాను తుపాకి తీయడం లేదని కాస్టీల్ చెప్పిన మాట పోలీసు వాహనపు కెమెరాలో నమోదైంది. అయినా 2017 జూన్‌లో జ్యూరీ ఆ అధికారిని నిర్దోషిగా తేల్చింది.

2022 ఫిబ్రవరి 2న, తెల్లవారక ముందే, అదే రాష్ట్రంలోని మినియాపొలిస్‌లో మరో ఘోరం జరిగింది. తలుపు తట్టకుండానే ప్రవేశించడానికి అనుమతించే వారెంటుతో పోలీసులు ఒక ఇంట్లోకి చొరబడ్డారు. సోఫా మీద దుప్పటి కప్పుకొని నిద్రిస్తున్న 22 ఏళ్ళ అమీర్ లాక్ కేకలకు లేచాడు. అతని చేతిలో తుపాకి ఉంది. పోలీసులు లోపలికి వచ్చిన పది సెకన్లలోపే అతన్ని కాల్చివేశారు. ఆ వారెంటులో అతని పేరే లేదు. తుపాకి చట్టబద్ధమైనదేనని కుటుంబం చెప్పింది. ఎవరిపైనా అభియోగం మోపలేదు.

దీనికి మూలం న్యాయసూత్రంలోనే ఉంది. పోలీసు బలప్రయోగం సమంజసమా కాదా అన్నది ఆ స్థలంలో ఉన్న సహేతుకమైన అధికారి దృష్టితో చూడాలని 1989లో గ్రాహం వర్సెస్ కానర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆచరణలో అధికారి భయమే అతనికి రక్షణ కవచమవుతోంది. ఆ భయం అందరి విషయంలో ఒకే విధంగా ఉండదని, చర్మపు రంగును బట్టి, పేరును బట్టి పెరుగుతుందని మైనారిటీలకు వేరుగా చెప్పనక్కరలేదు.

అందుచేత అక్కడి మనవారు కొన్ని విషయాలు తప్పక తెలిసి ఉండాలి. విద్యార్థి వీసా, హెచ్‌-1బీ వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకి గానీ తూటాలు గానీ కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధించింది. వేట లైసెన్సు వంటి మినహాయింపులు కొద్దే. న్యాయవాదిని సంప్రదించకుండా వాటిని నమ్ముకోరాదు. మిత్రుని తుపాకిని సరదాకు చేతబట్టినా అది కేసు వరకూ, దేశం నుండి పంపివేయడం వరకూ వెళ్ళవచ్చు.

గ్రీన్‌కార్డు గలవారు, పౌరులు తమ రాష్ట్రపు నియమాలు తెలుసుకోవాలి. తుపాకిని దాచి ధరించే లైసెన్సుదారు మిషిగన్‌లోనైతే పోలీసు ఆపిన వెంటనే తానుగా చెప్పాలి. ఇల్లినాయిలో అధికారి అడిగినప్పుడు చెప్పాలి.

పోలీసు ఆపినప్పుడు కారును పక్కకు తీసి ఇంజన్ ఆపాలి. రాత్రివేళ లోపలి దీపం వేయాలి. రెండు చేతులూ స్టీరింగుపై కనిపించేలా ఉంచాలి. లైసెన్సు, బీమా కాగితాలు తుపాకి ఉన్న అరలో ఎన్నడూ పెట్టరాదు. చెప్పవలసి వచ్చినప్పుడు ‘తుపాకి’ అన్న మాటతో మొదలుపెట్టక, ముందు తమకు అనుమతి ఉన్నదని, తరువాత ఆయుధం ఎక్కడ ఉన్నదో చెప్పి, ఏం చేయమంటారని అడగాలి. జవాబు వచ్చేవరకు చేయి కదపరాదు. ఇద్దరు అధికారులు రెండు రకాలుగా ఆదేశిస్తే, కదలకుండానే ఏది చేయాలో అడగాలి. సోదాకు అంగీకరించడం లేదని నోటితో చెప్పవచ్చు, చేతితో అడ్డుకోరాదు. తామే పోలీసులను పిలిచినట్లయితే, వారు వచ్చేలోగా తుపాకిని చేతిలో నుండి పక్కన పెట్టాలి. వాదన రోడ్డు మీద కాదు, న్యాయవాదితో కలిసి ఫిర్యాదులో, కోర్టులో చేయాలి.

అయితే ఈ జాగ్రత్తల జాబితాను చనిపోయినవారిని తప్పుపట్టడానికి వాడుకోవడాన్ని మేము ఖండిస్తున్నాము. కాస్టీల్ మర్యాదగానే మాట్లాడారు. లాక్‌కు మాట్లాడే వ్యవధే ఇవ్వలేదు. శిక్షణ పొంది, జీతం తీసుకుంటున్న అధికారి భయపడవచ్చునట. నిద్రలో నుండి లేచిన పౌరుడు మాత్రం నిబ్బరంగా ఉండాలట! ఇదేమి న్యాయం?

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. ‘ఎన్‌కౌంటర్’ అన్న మాటకు తెలుగునేలపై ఉన్న అర్థం అందరికీ తెలిసిందే. 2015 ఏప్రిల్ 7న ఆలేరు సమీపంలో, వరంగల్ జైలు నుండి హైదరాబాదుకు తీసుకువస్తున్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలు పోలీసు వాహనంలోనే కాల్పులకు బలయ్యారు. వారి చేతులకు బేడీలు ఉన్నాయి. వారు ఆయుధాలు లాక్కోబోయారన్నదే పోలీసుల వాదన. అటువంటి ప్రతి మరణంపైనా కేసు నమోదు కావాలని, స్వతంత్ర దర్యాప్తు, మెజిస్ట్రేటు విచారణ జరగాలని అంతకు ముందే, 2014లోనే, మన సుప్రీంకోర్టు నిర్దేశించింది. ఆ నిర్దేశాన్ని అక్షరాలా అమలుచేయించుకోవలసిన బాధ్యత ఇక్కడి హక్కుల కార్యకర్తలది.

పిల్లలకు ఈ జాగ్రత్తలను నేడే నేర్పండి. విదేశంలో ఉన్నవారితో ఫోనులో మాట్లాడేటప్పుడు క్షేమసమాచారంతోపాటు ఈ సంగతీ ప్రస్తావించండి. కానీ ప్రాణం కాపాడుకునే భారమంతా పౌరునిదేనన్న మాటను మాత్రం ఒప్పుకోకండి. జాగ్రత్త మనవంతు. జవాబు చెప్పవలసింది తుపాకి పేల్చినవారు, వారి చేతికి దానిని ఇచ్చిన ప్రభుత్వం.