బుడాపెస్ట్‌లో పసుపు గణపతి

మాది తెనాలి దగ్గర పల్లె. చిన్నప్పుడు బెజవాడ బస్సు దుగ్గిరాల దాటుతుంటే పసుపు యార్డు వాసన కిటికీలోంచి లోపలికొచ్చేది. అలాంటి చోట పుట్టి పెరిగినదాన్ని, పసుపు కోసం దేశం కాని దేశంలో చీటీ పట్టుకుని కొట్టు కొట్టూ తిరుగుతానని కలలో కూడా అనుకోలేదు.

2017లో మావారికి హంగేరీలో ఉద్యోగం వచ్చింది. అమ్మ పసుపు కొమ్ములు ఆడించి రెండు కిలోల పొడి సిద్ధం చేసింది. ''అక్కడ దొరకదా ఏంటమ్మా, ఆ బరువుకి బదులు ఇంకో సీసా ఆవకాయ పెట్టు'' అన్నాను. ''పసుపు లేకుండా ఇల్లేమిటే?'' అంది. చివరికి ఓ పావుకిలో పొట్లంతో బయల్దేరాను.

అమ్మ మాట విలువ శ్రావణమాసంలో తెలిసొచ్చింది. వరలక్ష్మీ వ్రతం ముందురోజు డబ్బా తీస్తే అడుగున రెండు చెంచాల పసుపుంది. మిగతాదంతా పప్పులకీ కూరలకీ అయిపోయింది. పసుపు గణపతిని చేయాలి, తోరాలకి పూయాలి, గడపకి రాయాలి. ఏం చేసేది?

ఇంటి దగ్గరి సూపర్‌మార్కెట్‌కి పరుగెత్తాను. హంగేరీ భాషలో పసుపుని 'కుర్కుమా' అంటారు. వినగానే మన కుంకుమ గుర్తొచ్చింది కదూ? నాకూ అంతే. అరబ్బులు కుంకుమపువ్వుని 'కుర్కుమ్' అనేవారు, ఆ మాటే అటు తిరిగీ ఇటు తిరిగీ పసుపుకి స్థిరపడింది. పేరు బాగానే ఉందిగానీ, పొట్లాలు చూస్తే ఏడుపొచ్చింది. మందుల షాపులో ఇచ్చే పొట్లాల్లా ఒక్కోదాంట్లో రెండు మూడు చెంచాలు. అరలో ఉన్నవన్నీ ఊడ్చి బుట్టలో వేసుకున్నాను. బిల్లు వేసే అమ్మాయి ఆశ్చర్యంగా చూసి, ''ఇంత పసుపుతో ఏం వండుతారు?'' అంది వచ్చీరాని ఇంగ్లిషులో. వండడానికి కాదు, దేవుణ్ణి చేయడానికి అని చెప్పాలంటే నాకూ భాష చాలదాయె. ''చాలామంది చుట్టాలొస్తున్నారు'' అని బయటపడ్డాను.

ఆ ఏడు మా గణపతి ఉసిరికాయంతే. అద్దింటి గడపకి పసుపు రాస్తే ఇల్లుగలాయన ఏమంటాడోనని ఓ చెక్కముక్కకి రాసి గుమ్మం దగ్గర పెట్టుకున్నాను. వ్రతం మాత్రం ఆగలేదు.

పసుపుతో గండం గడిచిందనుకుంటే జీలకర్ర దగ్గర బోల్తా పడ్డాను. నిఘంటువు చూసి 'కొమేన్' అన్న పొట్లం తెచ్చి చారు తాలింపులో వేశాను. చూపుకి అచ్చం జీలకర్రే. వాసనే తేడా. మావారు ఒక ముద్ద తిని ''చారులో రొట్టె వాసనొస్తోందేమిటి?'' అన్నారు. పక్కింటి పెద్దావిడ విషయం తేల్చింది. ఇక్కడ పెద్దవాళ్లని పేరు చివర 'నేని' చేర్చి పిలుస్తారు, మనం పిన్నిగారూ అన్నట్టు. నేను వట్టి నేని అనే పిలుస్తాను. కొమేన్ అంటే కారవే గింజలట. వాళ్లు రొట్టెల్లో, క్యాబేజీలో వేస్తారు, దాంతోనే సూప్ కూడా చేస్తారు. మన జీలకర్ర కావాలంటే 'రోమాయి కొమేన్', అంటే రోమన్ కొమేన్ అని అడగాలి. మెంతులు వీళ్లకి 'గ్రీకు ఎండుగడ్డి'. లవంగం పేరులో మేకు ఉంది. లవంగాన్ని ఒకసారి చూడండి, నిజంగా మేకులాగే ఉంటుంది!

నా తంటాలు చూడలేక ఓ శనివారం నేని నన్ను పెద్ద మార్కెట్‌కి తీసుకెళ్లింది. డాన్యూబ్ నది పక్కన 1897లో కట్టిన భవనం, పైన రంగురంగుల పెంకులు. లోపల ఎండుమిరప దండలు తోరణాల్లా వేలాడుతున్నాయి. ఒక కొట్లో 'షాఫ్రాన్' అని రాసిన పొట్లం కనిపించింది. అంటే కుంకుమపువ్వు. ధర చూస్తే కారుచౌక! ఎగిరి గంతేయబోతే నేని చెయ్యి పట్టుకుని ఆపింది. తీరా చూస్తే అవి కుసుమ పూరేకులు. మన తెలంగాణలో నూనె కోసం పండిస్తారే, ఆ కుసుమలే. ఆదివారం పెట్టుకునే సూప్‌కి పచ్చటి రంగు రావడానికి వాటిని వేస్తారట. అసలు విషయం తెలియని టూరిస్టులు కుంకుమపువ్వనుకుని సంబరంగా కొనుక్కెళ్తుంటారు. చివరికి అదే భవనం అడుగు అంతస్తులో ఆసియా సరుకుల కొట్టు దొరికింది. పసుపు, ఆవాలు, కందిపప్పు... సంచీ నింపుకున్నాను.

ఇక వీళ్ల పాప్రికా సంగతి. మిరప మనకి పోర్చుగీసుల వల్ల వస్తే, వీళ్లకి టర్కీ వాళ్ల పాలనలో వచ్చింది. అందుకే మొదట్లో 'టర్కీ మిరియం' అన్నారు. పాప్రికా అన్న మాటకి మూలం కూడా మిరియమే. మన మిరపకాయ పేరులోనూ మిరియం లేదూ? ఇంత దూరాన ఉన్న ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చిందన్నమాట. సెగెడ్, కలోచా ఊళ్లు పాప్రికాకి పేరుమోశాయి. సెగెడ్‌లో పనిచేసిన ఆల్బర్ట్ సెంట్ జార్జి 1930ల్లో ఈ పాప్రికా నుంచే విటమిన్ సి పెద్దమొత్తంలో తీశాడు. 1937లో నోబెల్ అందుకున్నాడు.

ఎర్రగా ఉంది కదా అని మన కారంలా వాడేరు సుమా! 'ఎదెష్' అని ఉంటే తియ్యటిది, 'చీపోష్' అని ఉంటే కారంది. ఎదెష్ పొడితో నేను ఊరగాయ కలిపితే ఎరుపే తప్ప కారం లేదు.

నేని బంగాళదుంప కూర చూపించింది. ఉల్లిపాయలు వేయించి, బాణలి పొయ్యి మీంచి దించి, అప్పుడు పాప్రికా వేసింది. సెగ మీద వేస్తే అందులోని చక్కెర మాడి చేదొస్తుందట. వెంటనే నీళ్లు, దుంపలు. మర్నాడు నేను అవే దుంపలు, అవే ఉల్లిపాయలు పసుపేసి తాలింపు పెట్టి ఇచ్చాను. ఆమెది ఎర్రకూర, నాది పచ్చకూర.

పొడి మాత్రం తెలిసిన కొట్లోనే కొంటుంది నేని. 1994లో ఇక్కడ కొందరు పాప్రికాకి ఎరుపు తేవడానికి సీసం ఉన్న రంగు కలిపారు. ఎంతోమంది ఆస్పత్రి పాలయ్యారు, అమ్మకాలే కొన్నాళ్లు ఆపేశారు. వింటుంటే మన పసుపు గుర్తొచ్చింది. పసుపులో మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలుపుతున్నట్టు బంగ్లాదేశ్‌లో చేసిన పరిశోధన 2019లో బయటపెట్టింది. సీసం అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసేది పసిపిల్లల మెదడునే. అమ్మ కొమ్ములు కొని ఎందుకు ఆడించేదో అప్పుడర్థమైంది. మీరూ ధగధగ మెరిసేదే మంచి పసుపని మోసపోకండి.

అసలు కష్టం ఇవేవీ కాదు. మా అమ్మాయి అప్పుడు మూడో తరగతి. ఇక్కడి పిల్లలు పదింటికి తినడానికి ఇంటినుంచి ఏదైనా తీసుకెళ్తారు. నేను పులిహోర పెట్టాను. ఇంటికొచ్చి వేళ్లు దాచుకుంటూ, ''అందరూ నా గోళ్లు చూసి నవ్వారమ్మా. ఇంక నాకు పచ్చవి పెట్టొద్దు'' అంది. తెల్ల చొక్కా మీద కూడా మరక. సబ్బు పెడితే ఎర్రబడింది. పసుపుకి క్షారం తగిలితే ఎరుపే, మన పారాణి రహస్యం అదేగా. బాల్కనీ ఎండలో రెండ్రోజులు ఆరేస్తే మరక వెలిసింది. పిల్ల మనసులోది మాత్రం వెలవలేదు. నెలరోజులు రొట్టే, జున్నే. బలవంతపెట్టడానికి నాకూ నోరు రాలేదు.

ఓ సాయంత్రం నేని వంటింట్లో దాని కళ్లు చెక్కగరిటె మీద పడ్డాయి. సగం దాకా ఎర్రగా ఉంది.

''కడిగితే పోదా?'' అనడిగింది.

''పెళ్లయినప్పట్నుంచీ కడుగుతూనే ఉన్నా'' అని నవ్వి, నేని తన వేళ్లు చూపించింది. గోళ్ల అంచుల్లో ఎరుపు.

ఇంటికొచ్చాక అమ్మాయి మా గరిటె తీసి చూసింది. పచ్చగా ఉంది. ఏమీ అనలేదు. ఆ వారమే ''నేనికి పచ్చకూర ఇచ్చిరానా?'' అని గిన్నె తనే పట్టుకెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు గిన్నె ఖాళీగా లేదు, పాప్రికా పొట్లం ఉంది. స్కూలుకి పులిహోర అడగడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఇప్పుడు ఊరొచ్చిన ప్రతిసారీ అమ్మ ఆడించిన పసుపు రెండు కిలోలు కిక్కురుమనకుండా పెట్టెలో పెట్టుకుంటున్నాను. అందులో అరకిలో నేనిది. ఆదివారం సూప్‌లో కుసుమ రేకుల బదులు ఓ చిటికెడు వేస్తోందట. మా గణపతి మాత్రం ఈమధ్య కాస్త ఒళ్లు చేశాడు.