చావుకి చోటివ్వని అద్దె ఇళ్లు

హైదరాబాద్ చుట్టుపక్కల నెలకి 3500 రూపాయలకి ఇల్లు అద్దెకి దొరికే చోటు ఎక్కడుందో ఎవరైనా చూపించండి. బీరంగూడలో చూపించండి, ఘట్‌కేసర్‌లో చూపించండి, హయత్‌నగర్‌లో, మేడ్చల్‌లో చూపించండి. ఒక్క గది, మూలన గ్యాస్ పొయ్యి పట్టేంత గట్టు, మూడు వాటాలవాళ్లు వంతులేసుకునే బాత్‌రూము ఉన్న ఇల్లు కూడా ఆ డబ్బుకి రాదు. మన అద్దె చట్టం మాత్రం ఆ 3500 దగ్గరే నిలబడి ఉంది.

1960లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టమే పేరులో రాష్ట్రం మార్చుకుని తెలంగాణలో నడుస్తోంది. 2005లో దాన్ని సవరించి, కార్పొరేషన్ల పరిధిలో 3500, మిగతా చోట్ల 2000 దాటిన అద్దెలకి అది వర్తించదన్నారు. కొత్తగా కట్టిన ఇళ్లకి కొన్నేళ్లపాటు ఎలాగూ వర్తించదు. అంటే, నీళ్లూ కరెంటూ లాంటి వసతులు ఓనరు ఆపకూడదని ఆ చట్టంలో రాసిన మాట మన కోసం కాదు. చట్టంలో చెప్పిన కారణం లేకుండా ఖాళీ చేయించకూడదన్న మాటా మన కోసం కాదు. మనకి మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, పదిహేను రోజుల నోటీసు, సివిల్ కోర్టు మెట్లు. నెల జీతం మీద బతికేవాడు ఆ మెట్లెక్కలేడని ప్రతి ఓనరుకీ తెలుసు. అందుకే నోటీసు కూడా ఇవ్వరు. పొద్దున్నే మోటారు వెయ్యడం మానేస్తారు. నాలుగు రోజుల్లో సామాను డీసీఎం ఎక్కుతుంది.

ఈ శివార్లకి ఎవరూ సరదాకి రాలేదు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో నేల తుడిచేవాళ్లు, గేటు కాసేవాళ్లు, ఆస్పత్రుల్లో నర్సులు, కొత్తగా ఉద్యోగంలో చేరిన సాఫ్ట్‌వేర్ పిల్లలు అక్కడి అద్దెలు కట్టలేక బీరంగూడ, అమీన్‌పూర్ దాకా జరిగారు. ఎర్ర లైను మెట్రో మియాపూర్ దగ్గర ఆగిపోతుంది. అక్కడికి షేర్ ఆటో, అమీర్‌పేటలో దిగి నీలం లైను, రాయదుర్గంలో దిగాక మళ్లీ ఆటో. లేదంటే లింగంపల్లి నుంచి ఎంఎంటీఎస్. రోజులో మూడో నాలుగో గంటలు రోడ్డుకిచ్చి, జీతంలో మూడో వంతు ఓనరుకిచ్చి బతుకుతున్న మనుషులు వీళ్లు. వీళ్లు లేకపోతే ఆ అద్దాల మేడల్లో ఒక్క దీపం వెలగదు.

కరెంటు సంగతి చూడండి. 2024 మార్చి నుంచి తెల్లకార్డు ఇళ్లకి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు, అద్దెకున్నవాళ్లకీ వర్తిస్తుందని ప్రభుత్వమే చెప్పింది. మా వీధిలో ఓ బిల్డింగుంది. నాలుగు వాటాలకీ కలిపి ఒకటే సర్వీసు నంబరు, మెట్ల కింద నాలుగు సబ్ మీటర్లు. నలుగురూ కలిసి వాడితే 200 ఎప్పుడో దాటుతుంది, ఎవరికీ జీరో రాదు. పైగా ఓనరు యూనిట్‌కి పది రూపాయల లెక్కన చిన్న నోట్‌బుక్కులో రాసి వసూలు చేస్తాడు. రాసినదాని గురించి అడిగినవాళ్లకి దొరికే జవాబు ఒకటే: ఇష్టమైతే ఉండండి, లేకపోతే వెళ్లండి. పేదలకని పెట్టిన పథకం పేదల గుమ్మం దగ్గరికొచ్చి ఆగిపోతుంటే సర్వీసు నంబర్లు విడగొట్టమని ఓనరుని అడిగే అధికారి ఒక్కడూ లేడు.

టులెట్ బోర్డు కింద జరిగే విచారణ ఇంకా నీచం. అద్దె ఎంత అని మనం అడిగేలోపే "మీరేమోళ్లు?" అని వాళ్లడుగుతారు. తడబడితే ఇంటిపేరు అడుగుతారు, అప్పటికీ తేలకపోతే ఊరు, వాడ అడుగుతారు. ముస్లిం పేరు వినపడగానే, గంట కింద ఖాళీగా ఉన్న ఇల్లు నిన్ననే మాట్లాడేసుకున్న ఇల్లయిపోతుంది. దళిత కుటుంబానికి "మేం నాన్‌వెజ్ తినం కదండీ" అని మర్యాదగా తలుపేస్తారు. బస్సులో పక్క సీట్లో కూర్చున్నవాణ్ని అడగడానికి సిగ్గుపడే ప్రశ్నని ఇల్లు చేతిలో ఉందన్న ఒక్క ధీమాతో నిస్సిగ్గుగా అడుగుతారు.

అన్నిటికన్నా నన్ను దహించేది చావు సంగతి. నిరుడు వానాకాలంలో, పక్క సందులో రెండో అంతస్తులో అద్దెకుండే ఒకాయన గుండెపోటుతో పోయాడు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. రాత్రి అంబులెన్సు వచ్చేసరికి గేటుకి తాళం పడింది. "బాడీని లోపలికి రానియ్య. మేమూ పిల్లలు గలోళ్లమే" అన్నాడు ఓనరు. అప్పటికే పంతులికి ఫోను చేశాడు. ధనిష్ఠా పంచకంలో పోయాడట, ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలట. "అన్నా, వాకిట్లనన్న దించనియ్యిండ్రి, తెల్లారంగనే తీస్కపోతం" అని ఆయన భార్య గేటు పట్టుకుని ఏడుస్తూనే ఉంది. చివరికి ఎదురుగా ఉన్న ఖాళీ ప్లాటులో టెంటు వేశాం. ఫ్రీజర్ బాక్సుకి వైరు ఇమ్మంటే రెండిళ్లవాళ్లు తలుపు తియ్యలేదు, కిరాణా కొట్టాయన ఇచ్చాడు. బురదలో ఇటుకలు పరిచి, దాని మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి, ఆయనకి చివరి స్నానం అక్కడే చేయించారు. కర్మ కూడా ఇంట్లో పెట్టుకోవద్దన్నాడు ఓనరు. పదకొండు రోజులూ వాళ్ల ఊళ్లోనే ఉండి రమ్మన్నాడు. ఆ నెల అద్దె మాత్రం తేదీ తప్పకుండా తీసుకున్నాడు.

ఆచారం అంటారు. నేనొప్పుకోను. ఓనరు తల్లి పోతే గేటు బయట పడుకోబెడతారా? అదే హాల్లో, నట్టింట్లో పడుకోబెట్టి, దీపం పెట్టి, ఊరందరినీ పిలుస్తారు. ఇల్లు మైలపడితే శుద్ధి చేయించుకుంటారు. మరి నెలనెలా అద్దె కట్టిన మనిషి పీనుగే అరిష్టమెలా అయింది? ఇది భక్తి కాదు, ఆస్తి మదం. శవాన్ని గుమ్మం దాటనివ్వనివాళ్లని శిక్షించే సెక్షను రాయాలి. ఆ రాత్రి ఆమె పోలీసులకి ఫోను చేస్తే వాళ్లొచ్చి తాళం తీయించగలగాలి.

అందరూ ఇలాంటివాళ్లు కాదు, నిజమే. రిటైరై, పీఎఫ్ డబ్బంతా పోసి పైన రెండు వాటాలు వేసుకుని, ఆ అద్దె మీదే మందులు కొనుక్కునే ముసలివాళ్లున్నారు. అద్దె ఎగ్గొట్టి రాత్రికి రాత్రి పోయేవాళ్లూ ఉన్నారు. అందుకే చట్టం కావాలంటున్నాను. మంచి ఓనరు దొరకడం అదృష్టంగా ఉండకూడదు.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. అందులో నివాసపు ఇళ్లకి అడ్వాన్సు రెండు నెలల అద్దెకి మించకూడదు. రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి. ఇంట్లోకి రావాలంటే ఓనరు 24 గంటల ముందు చెప్పాలి. నీళ్లు, కరెంటు ఆపకూడదు. తగాదాలకి వేరే అద్దె కోర్టులుండాలి. అది నమూనా మాత్రమే, శాసనం చెయ్యాల్సింది రాష్ట్రం. కులం, మతం అడిగి ఇల్లు లేదనడం నేరమన్న మాట, శవం మాట అందులో లేవు. ఆ రెండూ మనం చేర్చాలి.

ఎందుకు చెయ్యరో నాకు తెలుసు. అద్దెకుండేవాడి ఓటు ఇక్కడ లేదు. రిజిస్టరు చెయ్యకుండా పదకొండు నెలల అగ్రిమెంటు రాస్తారు. ఓటరు జాబితాలో చిరునామాకి అద్దె పత్రం చూపాలంటే అది రిజిస్టరైనదై ఉండాలి, పదకొండు నెలల కాగితం పనికిరాదు. ఆధార్‌లో ఈ అడ్రసు పెట్టుకోవద్దని ఓనరు ముందే షరతు పెడతాడు. పాన్ నంబరడిగితే, ఏడాది అద్దె లక్ష దాటినా ఇవ్వడు, హెచ్‌ఆర్‌ఏ మీద పన్ను మినహాయింపు పోతుంది. ఇన్నేళ్లు ఇక్కడే ఉండి, ఎన్నికలప్పుడు బస్సెక్కి సొంతూరు పోయి ఓటేసి వస్తాం. ఇక్కడి కార్పొరేటరుకీ ఎమ్మెల్యేకీ లెక్కకొచ్చేది ఓనరు ఒక్కడే. ఇరవై ఏళ్లుగా ఆ 3500 అంకె మీద ఎవరి చెయ్యీ పడకపోవడానికి కారణం ఇదే.

గ్యాస్ బిల్లు మీ పేరున ఏడాదిగా ఈ ఇంటికే వస్తోందా? బ్యాంకు పాసుబుక్కులో ఈ అడ్రసుందా? ఓనరుని అడక్కండి. ఫారం 8 నింపి ఓటు ఇక్కడికి మార్చుకోండి. ఈసారి ఓటడగడానికి వచ్చినవాణ్ని మెట్ల మీదే నిలబెట్టి, 3500 ఎప్పుడు కొట్టేస్తావో తేదీ చెప్పమనండి.