కొయ్య మేడల జాడ కాపాడేదెవరు?

హంపి అనగానే రాతిరథం, విరూపాక్షాలయ గోపురం స్ఫురిస్తాయి. రాయలు నివసించిన మేడలు మాత్రం కానరావు. ఆలయాలను రాతితో నిర్మించారు. రాజప్రాసాదాల పైభాగాలకు ప్రధానంగా కలపను వాడారు. 1565 యుద్ధానంతరం నగరం దోపిడికీ దహనానికీ గురికాగా రాతి పీఠాలే మిగిలాయి.

1970వ దశకం నుండి సాగిన తవ్వకాలు ఈ సంగతిని తేటతెల్లం చేశాయి. రాచప్రాంగణంలోని సభామండపంలో వంద స్తంభాలను నిలిపిన పీఠాలున్నాయి, స్తంభాలు లేవు. పై అంతస్తుకు సాగిన రాతి మెట్లు నేడు శూన్యంలో ముగుస్తాయి.

కొయ్య కట్టడానికి సాక్ష్యం ఇట్టి గుంటలు, బూడిద పొరలు, విరిగిన పెంకులే. నిధికై గడ్డపార వేసినవాడు మొదట చెరిపేది వాటినే. చెదరిన మట్టిపొరను తిరిగి పేర్చడం ఎవరి తరమూ కాదు.

2010 చట్ట సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరో రెండు వందల మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. ఇల్లు కట్టుకోదలచిన పేద కుటుంబానికి ఇది భారమే. 2011లో హంపి బజారు నివాసుల తొలగింపు ఆ భయాన్ని పెంచింది. నిబంధనలను గ్రామసభలలో కన్నడ, తెలుగు భాషలలో వివరించి, అనుమతులను జాప్యం లేక ఇచ్చిననాడే పల్లె ప్రజలు ఆ మట్టికి కావలి కాయగలరు.