సర్వర్ బతికే ఉంది, చిరునామానే పోయింది

2025 అక్టోబరు 20, దీపావళి. మన ఇళ్లలో తలంట్లు, టిఫిన్లు అయిపోయి మధ్యాహ్నం పన్నెండుంపావు దాటిన వేళకు అమెరికాలోని వర్జీనియాలో అమెజాన్ క్లౌడ్ సేవలకు చిక్కు మొదలైంది. స్నాప్‌చాట్, రోబ్లాక్స్, సిగ్నల్ వంటివి ప్రపంచమంతటా గంటల తరబడి మొరాయించాయి. యంత్రాలేమీ కాలిపోలేదు, కేబుల్ తెగలేదు. డైనమోడీబీ అనే డేటాబేస్ సేవ పేరుకు ఎదురుగా ఉండాల్సిన చిరునామా ఖాళీ అయిపోయింది, అంతే. ఆ చిరునామాలను సరిచూసే స్వయంచాలక ప్రోగ్రాములు ఒకదాని పని మీద మరొకటి పడ్డాయని అమెజానే తర్వాత వివరించింది. అంటే ఇల్లు ఉంది, ఇంట్లో మనుషులూ ఉన్నారు, వీధి చివర బోర్డు మాత్రం చెరిగిపోయింది.

ఇదంతా పెద్ద కంపెనీల గొడవ అని వదిలేయడానికి లేదు. షావుకారుపేటలో మన కొట్ల లెక్కలు, పెరంబూరులో ఇంటి నుంచి పనిచేసే అకౌంటెంటు చూసే బిల్లులు, సంఘాల సభ్యుల జాబితాలు, పెళ్లి సంబంధాల వివరాలు ఒకటొకటిగా క్లౌడ్‌కు చేరుతున్నాయి. బల్ల మీది కంప్యూటర్ ఇప్పుడు ఒట్టి క్లయింటు. అసలు సరుకు ఎక్కడో ఉన్న సర్వర్ల గుంపులో ఉంటుంది. ఆ గుంపునే క్లస్టర్ అంటారు. అందులో ఒక యంత్రం ఆగితే మరొకటి పని అందుకుంటుంది. కానీ మన కంప్యూటర్ దాని గుమ్మం దాకా వెళ్లలేకపోతే లోపల ఎన్ని యంత్రాలుంటే ఏం లాభం?

వెళ్లలేకపోయినప్పుడు మనవాళ్లు చెప్పే మాట ఒక్కటే: ‘సర్వర్ డౌన్ అండీ’. చాలాసార్లు అది నిజం కాదు. తెర మీద వచ్చే మాటను ఉన్నది ఉన్నట్టు రాసుకుంటే సగం జబ్బు తెలిసిపోతుంది. ‘హోస్ట్ నాట్ ఫౌండ్’ అంటే దీపావళి నాటి తరహా కథ: పేరుకు చిరునామా దొరకలేదు. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అంటే చాలావరకు ఆ యంత్రం దాకా వెళ్లాం గానీ మనం తట్టిన పోర్టు దగ్గర పలికేవాళ్లు లేరు. ‘టైమ్డ్ అవుట్’ అంటే జవాబే రాలేదు. దారి తెగి ఉండవచ్చు, లేదా కాపలా కాసే ఫైర్‌వాల్ మనల్ని గుర్తుపట్టక నోరు మెదపకుండా ఊరుకుని ఉండవచ్చు.

మా సంఘానికి తగిలింది ఈ చివరిదే. 1960ల నుంచి చేతిరాతలో ఉన్న సభ్యుల రిజిస్టర్‌ను రెండేళ్లు కూర్చుని టైపు చేయించి క్లౌడ్‌కు ఎక్కించాం. ఎవరు ఏ ఊరి నుంచి మద్రాసు వచ్చారు, గోత్రం ఏమిటి, ఇప్పుడు పిల్లలు ఎక్కడున్నారు అన్నీ అందులో ఉన్నాయి. స్కాలర్‌షిప్పుల కోసం తీసుకున్న ఆధార్ ప్రతులు కూడా. మొదట బాగానే నడిచింది. ఒక వానరోజు కరెంటు పోయి వచ్చాక ఆఫీసు కంప్యూటర్ లోపలికి వెళ్లలేకపోయింది. మోడెం ఆగి మళ్లీ వెలిగితే మామూలు బ్రాడ్‌బ్యాండ్‌లో మన ఐపీ చిరునామా మారిపోవచ్చు. ఫైర్‌వాల్ దగ్గరేమో పాత చిరునామా రాసి ఉంది. పిలిచిన టెక్నీషియన్ పది నిమిషాల్లో బాగుచేసి వెళ్లాడు. మేమూ సంతోషించాం.

ఆయన చేసిందేమిటో మూడు వారాల తర్వాత సభ్యుల్లో ఒకరి అబ్బాయి లాగ్ తెరిచి చూస్తే గానీ తెలియలేదు. చిరునామా మారినప్పుడల్లా తిరగలేక, ప్రపంచంలో ఎవరైనా తట్టవచ్చని తలుపు బార్లా తీసిపెట్టాడు. ముక్కూ మొహం తెలియని చోట్ల నుంచి పాస్‌వర్డ్ ఊహిస్తూ వందల ప్రయత్నాలు జరిగి ఉన్నాయి. పాస్‌వర్డ్ గట్టిది కాబట్టి బయటపడ్డాం. 2017 జనవరిలో పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న వేలాది మోంగోడీబీ డేటాబేసులను దుండగులు తుడిచేసి, డబ్బిస్తే తిరిగిస్తామని చీటీ పెట్టి పోయారు. మా రిజిస్టర్‌కు ఆ గతి పడితే చేతిరాత పుస్తకాలున్నాయి గానీ చెదలు తిన్న పేజీలు ఇక రావు.

సరైన దారి వీపీఎన్. ఆఫీసు కంప్యూటర్‌కు, క్లస్టర్‌కు మధ్య తాళం వేసిన సొంత సందు లాంటిది. మనల్ని తాళంచెవిని బట్టి గుర్తుపడుతుంది కాబట్టి చిరునామా మారినా, వానల్లో బ్రాడ్‌బ్యాండ్ పోయి ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసినా పేచీ ఉండదు. నెలకు కొంత ఖర్చు, కొంత తలనొప్పి తప్పవు. అయినా తలుపు తీసిపెట్టడం కంటే చవకే.

ఇక సర్వర్ ఏ ఊళ్లో ఉండాలన్నది. కొట్టుకు ప్రోగ్రాం అమ్మేవాళ్లను మనం అడగని ప్రశ్న ఇదే. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ముంబై వెళ్లి రావడానికి మిల్లీసెకన్లు పదులలో సరిపోతాయి, వర్జీనియాకైతే మామూలుగా 200 దాటుతుంది. ఒక్కసారికైతే తేడా తెలియదు. ఒక బిల్లుకు యాభైసార్లు అటూ ఇటూ తిరిగే ప్రోగ్రామైతే పది సెకన్లు పడుతుంది, ఎదురుగా గిరాకీ నిలబడి ఉంటుంది. దగ్గర్లో లేకనా? మైక్రోసాఫ్ట్ 2015లోనే చెన్నైలో క్లౌడ్ కేంద్రం తెరిచింది, అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులో. విశాఖలో గూగుల్ 1,500 కోట్ల డాలర్లు పెడుతుందన్న ప్రకటన ఆ దీపావళికి ఆరు రోజుల ముందు వచ్చింది. మనవాళ్ల వాట్సాప్ గ్రూపులన్నీ దాంతోనే నిండిపోయాయి. తమ కొట్టు లెక్కలు ఏ దేశంలో ఉన్నాయో ఆ గ్రూపుల్లో ఎందరికి తెలుసో!

చట్టం కూడా వచ్చేసింది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలుకు రావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. చిన్న సంఘం మీద అంత వేస్తారని కాదు. కానీ ‘టెక్నీషియన్ చేశాడండీ’ అంటే చెల్లదు. సమాచారం ఎవరి పని కోసం తీసుకున్నారో బాధ్యత వాళ్లదే, సంఘాలకు మినహాయింపేమీ లేదు.

మేము తలుపు మూయించాం, వీపీఎన్ పెట్టించాం. ప్రతి ఆదివారం రిజిస్టర్ ప్రతి ఒకటి హార్డ్ డిస్కులోకి దించి కోశాధికారి గారింటి బీరువాలో పెడుతున్నాం. ఆధార్ ప్రతులు తీసేసే పని మాత్రం ఇంకా సగంలోనే ఉంది.