ఒక మాట – పలు అర్థాలు: ‘చార్జి’



ఈ నెల మన శీర్షికలో ‘చార్జి’ అనే ఇంగ్లీషు మాటను గురించి తెలుసుకుందాం. మాకు ఇంగ్లీషు రాదు అనేవారు కూడా రోజుకు పదిసార్లు పలికే మాట ఇది. జనగామ బస్సెక్కితే చార్జి ఎంత అని అడుగుతాం. ఇంటికి రాగానే సెల్‌ఫోను చార్జింగుకు పెడతాం. కొత్త కలెక్టరు చార్జి తీసుకున్నారనీ, ఫలానా చోట లాఠీచార్జి జరిగిందనీ పేపర్లో చదువుతాం. చార్జిషీటు అనే మాట వినబడితే మాత్రం గుండె ఝల్లుమంటుంది. మాట ఒక్కటే, అర్థాలేమో ఒకదానికొకటి పొంతన లేనట్టు ఉంటాయి. కాని వీటన్నిటికీ వేరు ఒకటే. ఆ వేరు తెలిస్తే, కాగితం మీద ఈ మాట కనబడినప్పుడు ఊరికే భయపడం, తెలియక సంతకమూ పెట్టం.

లాటిను భాషలో ‘కర్రుస్’ అంటే బండి. బండి మీద బరువు ఎత్తడం అనే అర్థంలో దాని నుండి ఒక మాట పుట్టి, ఫ్రెంచి భాష మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి ‘చార్జ్’ అయ్యింది. కారు, కార్గో అనే మాటలు కూడా ఈ కుటుంబంలోవే. కాబట్టి చార్జి అంటే మొదటి అర్థం బరువు మోపడం. దీన్ని గుర్తుంచుకుంటే మిగిలినవన్నీ సులువు.

మొదటిది డబ్బు బరువు. ఒక పనికి ఇంత ఇవ్వాలి అని మన మీద మోపేది చార్జి. బ్యాంకువారి సర్వీసు చార్జీలు, కరెంటు బిల్లులో ఫిక్స్‌డ్ చార్జీలు ఇలాంటివే. ‘ఫ్రీ ఆఫ్ చార్జ్’ అంటే ఉచితం. అయితే పరీక్ష రాసే పిల్లలు ఒకటి గమనించాలి. బస్సు, రైలు ప్రయాణానికి ఇచ్చే డబ్బును ఇంగ్లీషువారు ‘ఫేర్’ అంటారు. బస్సు చార్జి అనేది మనం చేసుకున్న వాడుక. తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు 2023 డిసెంబరు 9 నుండి ఉచిత ప్రయాణం వచ్చింది. దాన్ని మనవాళ్లు ‘చార్జి లేదు’ అంటే తెలుగులో తప్పు లేదు. ఇంగ్లీషు పేపర్లో మాత్రం ‘ఫేర్’ అని రాయాలి.

రెండవది శక్తి నింపడం. బ్యాటరీలోకి కరెంటు ఎక్కించడం చార్జింగు. భూగర్భ గనుల్లో బొగ్గు పొరకు రంధ్రాలు వేసి, వాటిలో పేలుడు మందు కూరడాన్ని కూడా చార్జింగు అంటారు. భూపాలపల్లి కాకతీయ ఖని గనులలో పనిచేసేవారి ఇళ్లలో ఈ మాట కొత్త కాదు. ఇక లైన్‌మెన్ ‘లైను చార్జి అయ్యింది’ అన్నాడంటే తీగలో కరెంటు వచ్చిందని అర్థం. అది ప్రాణం కాపాడే మాట. జనగామ, మహబూబాబాదు స్టేషన్ల మీదుగా పోయే రైలు తీగలలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. దాన్ని ముట్టుకోనక్కరలేదు, దగ్గరికి పోయినా చాలు, ప్రాణం పోతుంది. ఆగి ఉన్న గూడ్సు బండి పైకి ఎక్కవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి.

మూడవది బాధ్యత బరువు. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి కేంద్రాలుగా కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కలెక్టర్లు చార్జి తీసుకున్నారని విన్నాం. అధికారం చేతికి వచ్చిందని మనం అనుకుంటాం. మాట మాత్రం బరువు భుజానికెత్తుకున్నారు అంటుంది. ఇక్కడ పిల్లలు తప్పక నేర్చుకోవలసిన తేడా ఒకటి ఉంది. ‘ఇన్ చార్జ్ ఆఫ్’ అంటే చూసుకునేవారు. ‘ఇన్ ద చార్జ్ ఆఫ్’ అంటే ఒకరి సంరక్షణలో ఉన్నవారు. నర్సు పాప బాధ్యత చూస్తోంది అనడానికి మొదటిది, పాప నర్సు సంరక్షణలో ఉంది అనడానికి రెండవది వాడాలి. చిన్న ‘ద’ చేరితే ఎవరు ఎవరిని చూస్తున్నారో తారుమారవుతుంది.

నాల్గవది నింద బరువు. గని కార్మికుని ఇంట్లో ఇలా జరిగిందనుకోండి. కొడుకు పరుగున వచ్చి, ‘‘అవ్వా, బాపుకు చార్జిషీటు ఇచ్చిండ్రట’’ అంటాడు. ‘‘అయ్యో బిడ్డా, పోలీసులు పట్కపోతరా?’’ అని తల్లి ఏడుపు మొదలుపెడుతుంది. చార్జిషీట్లు రెండు రకాలని తెలియకపోవడం వల్ల వచ్చిన కష్టం ఇది. పని చేసే సంస్థ ఇచ్చేది ఒకటి. డ్యూటీకి సరిగా రావడం లేదు, ఏమంటావు అని అడిగే కాగితం. దానికి పోలీసులతో సంబంధం లేదు. అలాగని బీరువాలో దాచేయకూడదు సుమా. అందులో చెప్పిన గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. జబ్బు చేసి రాలేకపోతే డాక్టరు కాగితాలు జతచేయాలి. విచారణకు పిలిస్తే పోవాలి. జవాబు లేకపోతే చివరకు ఉద్యోగానికే ముప్పు రావచ్చు.

రెండవ చార్జిషీటు పోలీసులు దర్యాప్తు ముగించి కోర్టుకు ఇచ్చేది. అది కూడా శిక్ష కాదు. నింద మోపారు, ఇంకా రుజువు కాలేదు అని మాత్రమే అర్థం. కోర్టు ఆ కాగితాలు చూసి, విచారించడానికి తగిన ఆధారం లేదనుకుంటే మనిషిని అక్కడే వదిలిపెట్టవచ్చు. దాన్ని ‘డిశ్చార్జి’ అంటారు. ఊర్లో ఎవరి మీదైనా చార్జిషీటు పడిందని వినగానే దోషి అని ముద్ర వేయడం న్యాయం కాదు.

అయిదవ అర్థం చాలామందికి తెలియనిది, రైతు కుటుంబాలకు అన్నిటికంటే ముఖ్యమైనది. భూమి కాగితాలలో చార్జి అంటే ఫీజు కాదు, ఆ ఆస్తి మీద ఉన్న బాకీ బరువు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 100వ సెక్షను దీన్ని వివరిస్తుంది. ఒకరి స్థిరాస్తిని మరొకరికి రావలసిన డబ్బుకు హామీగా ఉంచి, అది తాకట్టు కాకపోతే దాన్ని చార్జి అంటారు. భూమి మన పేరనే ఉంటుంది, మన చేతిలోనే ఉంటుంది, కాని బాకీ దాని మీద కూర్చుని ఉంటుంది. అమ్మకం కాగితంలో ‘ఫ్రీ ఫ్రమ్ ఆల్ చార్జెస్’ అని రాస్తే, ఖర్చులేమీ లేవని కాదు, ఈ భూమి మీద ఎవరి బాకీ లేదని అమ్మేవారు మాట ఇస్తున్నారని అర్థం. ఆ మాట నమ్మి ఊరుకోక, ఇ.సి. తీయించి చూసుకోవాలి. అప్పు తీర్చినవారు కూడా బాకీ లేదనే పత్రం తీసుకొని, చార్జి తీసివేశారో లేదో కనుక్కోవాలి. ఇంటి అప్పు వంటి వ్యక్తిగత రుణాలకు రిజర్వు బ్యాంకు 2023లో ఒక నియమం పెట్టింది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా అసలు కాగితాలు తిరిగి ఇవ్వాలి, చార్జి తొలగించాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున చెల్లించాలి. 2023 డిసెంబరు 1 నుండి ఇది అమలులో ఉంది.

ఇప్పుడు డిశ్చార్జి చూడండి. బరువు దింపడం అన్నమాట. ఆసుపత్రి నుండి డిశ్చార్జి, బ్యాటరీ డిశ్చార్జి, కోర్టులో డిశ్చార్జి, అన్నిటిలోనూ ఎత్తింది దించడమే.

1611 నాటి ఇంగ్లీషు బైబిలు చదివేవారికి కూడా ఈ మాట తరచు ఎదురవుతుంది. పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రిక 4వ అధ్యాయం మొదటి వచనంలో అది గంభీరమైన ఆజ్ఞ. మొదటి కొరింథీయులకు 9:18లో అది ఖర్చు. సువార్తను ఉచితంగా ప్రకటించడం గురించి పౌలు చెప్పే చోటు. రోమా 8:33లో నేరారోపణ. అపొస్తలుల కార్యములు 7:60లో స్తెఫను తనను రాళ్లతో కొట్టేవారి తరఫున చేసిన ప్రార్థనలో, పాపం ఎవరి లెక్కలో వేయాలన్న సంగతి. బిషప్పు తన గురువులకు చేసే అధికారిక హితబోధను కూడా ఆంగ్లికను సంఘాలలో ‘చార్జి’ అనే పిలుస్తారు. ఆ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు వి. ఎస్. అజరయ్యగారు 1912 నుండి 1945 వరకు సేవచేసిన దోర్నకల్లు ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలోనే ఉంది.

కాబట్టి ఇకమీదట ఏ కాగితంలో ఈ మాట కనబడినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏమి బరువు? ఎవరి మీద? ఎప్పుడు దిగుతుంది? జవాబు తెలిసిన తరువాతనే కలం పట్టండి. చదువుకున్న పిల్లలున్న ఇంట్లో వారిచేత కాగితం చదివించుకోవడం పెద్దలకు నామోషీ కాదు.

పిల్లలకు అభ్యాసం: మీ ఇంట్లో ఉన్న కరెంటు బిల్లు, బ్యాంకు పుస్తకం, ఆసుపత్రి కాగితం తీసి, ‘చార్జి’ ఎన్నిచోట్ల ఉందో, ఒక్కోచోట పై అర్థాలలో ఏది సరిపోతుందో నోటుపుస్తకంలో రాయండి. అమ్మానాన్నలకు చదివి వినిపించండి. వచ్చే నెల మరో మాటతో కలుద్దాం.