450 అంటే ఎంత?

మా మేనమామ కూతురి పెళ్ళి ముహూర్తం విజయవాడలో ఉదయం 10 గంటల 52 నిమిషాలకి. మేము మండపంలో అడుగుపెట్టింది పన్నెండుంబావుకి. కారణం ట్రాఫిక్ కాదు, నా కారు బ్రోచర్లో అచ్చేసిన ఒక అంకె.

కారు ఎలక్ట్రిక్‌ది. బ్యాటరీ 40 కిలోవాట్ అవర్లు, అంటే మన కరెంటు బిల్లు భాషలో 40 యూనిట్లు. ఒక్క చార్జింగుకి 450 కిలోమీటర్లు వస్తుందని కంపెనీ మాట. మా హిమాయత్‌నగర్ నుంచి విజయవాడ సుమారు 275. సాఫ్ట్‌వేరు బుర్ర కదా, తీసివేత చేసేసి "దారిలో ఆగక్కర్లేదమ్మా" అని భరోసా ఇచ్చేశాను. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. నలుగురం, డిక్కీ నిండా సామాను, మే నెల కాబట్టి ఏసీ, హైవే ఎక్కాక వందలో స్పీడు. సూర్యాపేటకి 135 కిలోమీటర్లే అయ్యాయి, బ్యాటరీ మాత్రం 45 శాతానికి దిగిపోయింది. చార్జరు దగ్గర మాకన్నా ముందు రెండు కార్లు.

"ఒరే, ఎర్రబస్సెక్కినా ఈపాటికి నందిగామ దాటేదాన్ని కదరా" అంది అమ్మ. ఆ తర్వాత మండపం దాకా మాట్లాడలేదు. ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. ఆ ఇంట్లో కన్యాదానం చూడలేకపోయింది.

ఏమాటకామాటే, కంపెనీ అబద్ధం చెప్పిందనను. మన దేశంలో ఈ పరీక్షని ల్యాబులో, రోలర్ల మీద, ముందే రాసిపెట్టిన స్పీడు పట్టిక ప్రకారం చేస్తారు. గరిష్ఠ వేగం 90, అదీ కాసేపే. సగటు ముప్పై చిల్లర. ఏసీ ఆపేసి ఉంటుంది. మా ఆఫీసులో టెస్టరు బగ్గు చూపిస్తే డెవలపరు "నా మిషన్లో బాగానే నడుస్తోందే" అంటాడు చూడండి, ఇదీ అదే బాపతు.

కరెంటు ఎక్కడికి పోతోందో చూద్దాం. బ్రోచర్ లెక్కన కిలోమీటరుకి 89 వాట్ అవర్లు. ఏసీ గంటకి ఒకటిన్నర యూనిట్ తింటుందనుకోండి. సాయంత్రంపూట లిబర్టీ నుంచి నారాయణగూడ వైపు గంటకి 15 కిలోమీటర్ల చొప్పున పాకుతుంటే, ఒక్క ఏసీకే కిలోమీటరుకి 100 వాట్ అవర్లు! అదే హైవే మీద వందలో వెళ్తే ఏసీ వాటా 15 మాత్రమే. కానీ అక్కడ గాలి కాచుక్కూచుంటుంది. గాలిని చీల్చడానికి కిలోమీటరుకయ్యే ఖర్చు వేగం వర్గంతో పెరుగుతుంది. 60 నుంచి 100కి వెళ్తే దాదాపు 2.8 రెట్లు. నాకు హైవే మీద యూనిట్‌కి ఆరు కిలోమీటర్లు వచ్చింది. అంటే 450 కాస్తా 240.

"పెట్రోలు కార్లకి మాత్రం చెప్పిన మైలేజీ ఎవడికొచ్చింది?" అంటారు మిత్రులు. నిజమే. కానీ అక్కడ తేడా పర్సుకి తగులుతుంది, బంకులో ఐదు నిమిషాలతో పోతుంది. ఇక్కడ తేడా వస్తే గంటలు పోతాయి. పైగా ఫాస్ట్ చార్జింగు 80 శాతం దాటాక నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడే తీసేస్తాం. 10 శాతం కన్నా కిందికి దింపడానికి ధైర్యం చాలదు. దారిలో చార్జింగు పెట్టాక చేతికొచ్చేది 28 యూనిట్లు, అంటే 168 కిలోమీటర్లు. 450 అన్న కారుకి!

ఇది నా ఒక్కడి గోల కాదు. 2021 మార్చిలో ఒక కొనుగోలుదారు ఫిర్యాదు మీద ఢిల్లీ ప్రభుత్వం నెక్సాన్ ఈవీకి సబ్సిడీ ఆపేసింది. అప్పుడు ప్రకటించిన రేంజి 312. కంపెనీ కోర్టుకెళ్తే హైకోర్టు స్టే ఇచ్చింది. అమెరికాలో ఈపీఏ ల్యాబు అంకెని మామూలుగా 0.7తో గుణించి తగ్గించాకే కారు మీద అంటిస్తుంది. మన దగ్గరా కాస్త మార్పొచ్చింది. 2024లో వచ్చిన కర్వ్ ఈవీ పెద్ద బ్యాటరీకి టాటా వాళ్ళు పరీక్ష అంకె 585తో పాటు, వాడకంలో వచ్చేది 400 నుంచి 425 అని తామే చెప్పారు. మెచ్చుకోవాల్సిందే. కానీ ఇది కంపెనీ దయ మీద ఆధారపడకూడదు.

నా మటుకు ప్రతి బ్రోచర్లో మూడు అంకెలు తప్పనిసరి చెయ్యాలి. ఏసీతో ఊళ్ళో ఎంత, ఏసీతో హైవే మీద వందలో ఎంత, 80 నుంచి 10 శాతం దాకా ఎంత. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు విధానంతో ఈ కార్లకి 2026 డిసెంబరు దాకా రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషను ఫీజు మాఫీ చేసింది. జనం డబ్బు వదులుకున్న ప్రభుత్వానికి ఈ మాత్రం అడిగే హక్కు లేదా? ఈలోపు కొనేవాళ్ళు రేంజి అడగకండి, యూనిట్లెన్నో అడగండి. హైవే కోసమైతే ఆరుతో గుణించుకోండి.

కారు అమ్మేస్తానా అంటే, అమ్మను. రోజూ ఆఫీసుకి వెళ్ళిరావడానికి దీన్ని మించింది లేదు. రాత్రి సెల్లార్లో ప్లగ్గు పెడితే పొద్దున్నకి సిద్ధం. కాకపోతే వచ్చే నెల మావయ్యగారింట్లో గృహప్రవేశం ఉంది. ఈసారి దారిలో ఆగడానికి రెండు గంటలు కలిపి లెక్కేశానమ్మా అన్నాను.

"నువ్వు నీ లెక్కతో రా నాన్నా, నాకు మాత్రం రైలుకి టిక్కెట్టు తియ్యి" అంది.