బోరాన్ ఏ ఇంటికి చేరింది?

మెదడు క్యాన్సర్లలో గ్లయోబ్లాస్టోమా పరమ మొండిది. సర్జన్ కంటికి కనిపించిన గడ్డనంతా తీసేసినా దాని కణాలు అప్పటికే గరిక వేళ్లలా చుట్టుపక్కల మంచి మెదడులోకి పాకి ఉంటాయి. మామూలు రేడియేషన్‌కు ఆ రెంటినీ విడదీసి కొట్టడం చేతకాదు.

విడదీసే ఉపాయం 1936లోనే కాగితమెక్కింది. న్యూట్రాన్‌ను కనుగొని అప్పటికి నాలుగేళ్లే. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్‌లో ఉండే బోరాన్‌లో అయిదో వంతు బోరాన్-10. దాన్ని కణితి కణాల్లోకి చేర్చి, వేగం తగ్గించిన న్యూట్రాన్లను పంపాలన్నారు అమెరికా శాస్త్రవేత్త గోర్డన్ లోచర్. న్యూట్రాన్‌ను మింగిన బోరాన్ పగిలి ఆల్ఫా రేణువుగా, లిథియంగా విడిపోతుంది. ఆ ముక్కలు మిల్లీమీటరులో వందో వంతు కూడా దాటవు. అది దాదాపు ఒక జీవకణం వెడల్పు. బాంబు పేలిన ఇల్లే కూలుతుంది, పక్కిల్లు నిలుస్తుంది.

చిక్కల్లా బోరాన్‌ను సరైన ఇంటికి చేర్చడంలోనే. 1951లో బ్రూక్‌హేవెన్ రియాక్టర్ దగ్గర, 1959 నుంచి ఎంఐటీ రియాక్టర్ దగ్గర రోగులకు ఈ చికిత్స చేసి 1961లో ఆపేశారు. నాటి మందులు కణితిని వదిలి రక్తంలో తిరుగుతుండటంతో న్యూట్రాన్ల దెబ్బ రక్తనాళాలకు తగిలింది. న్యూట్రాన్లు లోతుకు చొచ్చుకుపోకపోవడమూ ఒక లోపమే కానీ, మొదటి ముద్దాయి మందే.

జపాన్‌లో హిరోషి హటనాకా 1968 నుంచి బీఎస్‌హెచ్ అనే మందుతో మళ్లీ మొదలుపెట్టారు. అయితే రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడ దెబ్బతిన్నచోటే అది లోనికెళుతుంది. గడ్డ దగ్గర గోడ కూలినా, వేళ్లు పాకినచోట గట్టిగానే ఉంటుంది. తర్వాత వాడుకలోకొచ్చిన బీపీఏ తెలివైనది. అది బోరాన్ తగిలించిన అమైనో ఆమ్లం. ఆబగా పెరిగే కణితి కణాలు దాన్ని ఆహారమనుకుని లాక్కుంటాయి.

కొత్త మందు ఏదైనా పరీక్ష ఒకటే. కణితిలో గ్రాముకు సుమారు 20 మైక్రోగ్రాముల బోరాన్-10 చేరాలి. పక్కనున్న మెదడులో, రక్తంలో అందులో మూడో వంతుకు మించకూడదు. న్యూట్రాన్లు పడినంతసేపూ ఆ తేడా నిలవాలి. మందు తనే విషం కాకూడదు. ఎలుకల మెదడులో కణితి పెంచి ఈ లెక్క చూస్తారు. కానీ సగటు మోసం చేస్తుంది. గ్రాముకు 30 మైక్రోగ్రాములని తేలినా కొన్ని కణాలు నిండుగా, కొన్ని ఖాళీగా ఉండొచ్చు. ఆ ఖాళీవే మళ్లీ గడ్డ కడతాయి. రోగుల విషయంలో ఫ్లోరిన్-18 తగిలించిన బీపీఏతో పెట్ స్కాన్ తీసి, కణితి ఎంత పీలుస్తుందో ముందే అంచనా వేస్తారు. అదీ చెప్పేది సగటే.

2020లో జపాన్ బీపీఏ మందుకూ, రియాక్టర్ అక్కర్లేని యాక్సిలరేటర్ యంత్రానికీ అనుమతి ఇచ్చింది. అది తల, మెడ క్యాన్సర్లకు, మెదడుకు కాదు. యంత్రం కొత్తదే. మందు మాత్రం 1987లో చర్మ క్యాన్సర్ రోగికి మిషిమా వాడిన బీపీఏ కుటుంబానిదే. లిపోజోముల్లో నింపినవీ, యాంటీబాడీలకు తగిలించినవీ ఎలుకల మీద ఎన్నో ప్రయత్నించారు. వైద్యంలో బీపీఏ చోటును తీసుకున్నది మాత్రం ఇంతవరకూ లేదు.